సేటు రియాక్టే కావాలన్నప్పుడు

తమ్ముడూ,

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే నేత తివాచీలు) అమ్మే సేటుతో రెండు వారాలుగా తెగని తకరారు గురించి నువ్వు రాసింది చదివాను. నువ్వు సైట్లు కట్టే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ మీద, అమ్మకాల కోసం దానికి తగిలించే వూకామర్స్ పెట్టి ఆన్‌లైన్ దుకాణం కడదామంటున్నావు. ఆయనేమో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే బామ్మర్ది కొడుకు చెప్పాడని, సైటు రియాక్ట్‌తోనే కట్టాలని ఆగిపోయాడు. దానికి తోడు మొదటి పేజీలో ఆరు ఫొటోలు తిరిగే స్లైడర్ కావాలి, కరపత్రంలో ఉన్న తెలుగు అక్షరాలే సైటులోనూ ఉండాలి, పైసలు మాత్రం తన ఫోన్‌పే నంబరుకే రావాలి. ఈ నాలుగింటినీ కలిపి ఒకే లొల్లిగా మోస్తున్నావు. విడదీసి చూస్తే ఒక్కోటి ఒక్కో రకం.

ప్రతి దానికీ ముందు ఒకటే ప్రశ్న వేసుకో. ఈ నిర్ణయం తప్పయితే ఆ బరువు ఎవరి మీద పడుతుంది? సేటు మీద పడేదైతే, ఎంత పడుతుందో ముందే కళ్ల ముందు పెట్టి నిర్ణయం ఆయనకే వదిలెయ్యి. వ్యాపారం ఆయనది, పైసలు ఆయనవి. నీ పని మీద, నీ రోజుల మీద పడేదైతే దానికి రేటు కట్టు. సైటుకు వచ్చే గిరాకీ మీద, వాళ్ల పైసల మీద, వాళ్ల వివరాల మీద పడేదైతే ఒప్పుకోకు. స్లైడర్ మొదటి రకం. రియాక్ట్ మొదటిదీ రెండోదీ కలిసింది. మూడో రకం ఇంకా నీ ముందుకు రాలేదు కానీ వస్తుంది, దాని గురించి కింద రాస్తాను.

పైసలూ రోజులూ ఎక్కువ పోయేది రియాక్ట్ దగ్గరే కాబట్టి ముందు అది చూద్దాం. సేటుకు రియాక్ట్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ మాట వెనక ఏదో భయమో ఆశో ఉంటుంది. దాన్ని బయటికి తియ్యి. "సేటూ, రియాక్ట్‌ల చేస్తే మీకేం లాభమని చెప్పిండు?" అని అడిగి, అడ్డం పడకుండా చివరిదాకా విను. మామూలుగా వచ్చే జవాబులు మూడు: "వర్డ్‌ప్రెస్ హ్యాక్ అయితదట", "స్లోగ ఉంటదట", "అందరి సైట్ల లెక్కనే కొడతదట". మూడింట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది, లేదని వాదించకు. వర్డ్‌ప్రెస్ సైట్లు ఎక్కువగా దెబ్బతినేది అప్‌డేట్ చెయ్యకుండా వదిలేసిన ప్లగిన్ల (అదనపు పనులకు తగిలించే ముక్కల) వల్ల, దొంగ థీముల (సైటుకు రూపం ఇచ్చే ఫైళ్ల) వల్ల. కాబట్టి భద్రత భయమైతే దాని జవాబు నెలవారీ నిర్వహణ, రోజూ బ్యాకప్, రెండంచెల లాగిన్. అవి నీ కొటేషన్‌లో ఉన్నాయా? లేకపోతే ఆ పిల్లాడు చెప్పింది సరైనదే.

ఇక రియాక్ట్ వైపు చూడు. అది 2013లో ఫేస్‌బుక్ బయటికి ఇచ్చిన లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, తెర మీద కనిపించే భాగాన్ని కట్టడానికి. బుట్ట, ఆర్డరు, స్టాకు, కొరియర్ చార్జీ, బిల్లు, ఇవేవీ అందులో ఉండవు. అన్నీ నువ్వే కట్టాలి, లేదా వేరే సేవల నుంచి తెచ్చి అతికించాలి. సేటుకు ఇంకా దగ్గరగా తగిలేది మరొకటి ఉంది. ఉత్త రియాక్ట్‌తో కడితే పేజీలోని విషయమంతా బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడిచాకే వస్తుంది. వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు కింద వచ్చే బొమ్మ, పేరు తయారు చేసేటప్పుడు వాట్సాప్ జావాస్క్రిప్ట్ నడపదు. సర్వరు మొదట పంపిన హెచ్‌టీఎంఎల్‌లో ఏముంటే అదే చూపిస్తుంది. అంటే ఎర్ర అంచు దర్రీ లింకు పంపినా, నీలం గీతల దర్రీ లింకు పంపినా, కింద దుకాణం లోగో ఒక్కటే వస్తుంది. ఆయన గిరాకీలో సగం మాటలు వాట్సాప్‌లో నడుస్తాయి. రియాక్ట్ మీదే నడిచే నెక్స్ట్ జేఎస్ లాంటిది పెట్టి పేజీని సర్వరులోనే తయారు చేస్తే ఈ చిక్కు పోతుంది, కానీ అప్పుడు నోడ్ (సర్వరులో జావాస్క్రిప్ట్ నడిపేది) ఉన్న హోస్టింగ్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి.

అయినా సేటు మాటలో పస ఉండే సందర్భం ఒకటుంది, దాన్ని నువ్వే ముందు చెప్పు. దర్రీ కొలత ఎంచుకుని, పడుగు (నిలువు పోగు) రంగు ఒకటి, పేక (అడ్డం పోగు) రంగులు మూడు మార్చుకుంటూ, గీతలు ఎలా వస్తాయో తెర మీద అప్పటికప్పుడు చూసుకుని, ధర కూడా అక్కడికక్కడే మారాలంటే, ఆ పేజీకి రియాక్ట్ చక్కగా సరిపోతుంది. ఆ ఒక్క పేజీ రియాక్ట్‌లో కట్టి వర్డ్‌ప్రెస్ దుకాణంలో కూర్చోబెట్టవచ్చు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దూరం నుంచి పేరు విని వచ్చే కొనుగోలుదారుకు అలాంటి పేజీ నిజంగా పనికొస్తుంది. ఎదుటివాడి మాటలోని నిజం నీ నోట వస్తే, ఆ తర్వాత నువ్వు చెప్పే మాట ఆయన చెవికెక్కుతుంది.

లాప్‌టాప్ తీసి ఆయన ముందు వాదించకు. ఆయన ఫోన్‌లోనే చూపించు. రెండు నమూనాలు తయారు చెయ్యి, వర్డ్‌ప్రెస్‌లో ఒకటి, ఉత్త రియాక్ట్‌లో ఒకటి, ఒక్కోదానికి ఒక రోజుకు మించి పెట్టకు. మూడు దర్రీలు చాలు. దుకాణంలో కూర్చుని వైఫై ఆపి, మొబైల్ డేటా పెట్టి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి మొదటి లింకు నొక్కమను. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే, ముందు చూసిన పేజీ ఫోన్‌లో దాగి ఉంటే లెక్క తప్పుతుంది. సెకన్లు ఆయన్నే లెక్కబెట్టమను. తర్వాత రెండో లింకు. ఆ తర్వాత ఒక దర్రీ లింకును ఇంట్లో ఎవరికైనా వాట్సాప్‌లో పంపమను, కింద బొమ్మ వచ్చిందో లేదో ఆయనే చూస్తాడు. చివరగా గుమాస్తాను పిలిచి, "ఈ నాలుగు బై ఆరు దర్రీ ధర యాభై రూపాయలు పెంచు" అని ఫోన్ చేతికివ్వు. నువ్వు నోరు మెదపకు. గుమాస్తా ఎక్కడ తడుముకుంటాడో అక్కడే ఆ సైటు నడుస్తుందో పడుతుందో తేలుతుంది. నీ వర్డ్‌ప్రెస్ నమూనాలోనే తడుముకోవచ్చు కూడా. అలా జరిగితే దాచకు, ధరలు మార్చే తెరను ఇంకా సులువు చెయ్యాలని రాసుకో.

చూపించడం అయ్యాక కాయితం. ఒక్క వైపు, ఏ4. అందులో ఇలా ఉండాలి, అంకెలు నీ లెక్కతో మార్చుకో:

విషయం: దుకాణం సైటు దేని మీద కట్టాలి.
మీకు కావాల్సింది: 120 రకాల దర్రీలు, గుమాస్తానే ధరలు మార్చుకోవాలి, వాట్సాప్‌లో లింకు బాగా కనపడాలి, దసరాకు మొదలవ్వాలి.
దారి 1: వర్డ్‌ప్రెస్, వూకామర్స్. 25 పనిదినాలు, రూ. 60,000. నెలనెలా అప్‌డేట్లు తప్పనిసరి, మానేస్తే హ్యాక్ ప్రమాదం.
దారి 2: నెక్స్ట్ జేఎస్‌తో రియాక్ట్. 55 పనిదినాలు, రూ. 1,40,000. రంగులు మార్చి చూసే సౌకర్యం బాగా వస్తుంది. దసరాకు అందదు. నేను లేకపోతే ఆ పని తెలిసినవాళ్లనే వెతకాలి.
దారి 3: వర్డ్‌ప్రెస్ దుకాణం, రంగుల పేజీ ఒక్కటి రియాక్ట్‌లో. 35 పనిదినాలు, రూ. 85,000. రంగుల పేజీ దసరా తర్వాత వస్తుంది. రెండు రకాల కోడ్ చూసుకోవాలి.
నా సలహా: దారి 3.
మీ నిర్ణయం, తేదీ, సంతకం.
ఈ తేదీ తర్వాత దారి మారిస్తే అప్పటిదాకా చేసిన పనికి లెక్క కట్టి, కొత్త దారికి కొత్త గడువు రాసుకుంటాం.

నువ్వు చెప్పే దారికి కూడా ఒక లోపం రాసి ఉందా లేదా చూసుకో. లేకపోతే అది కరపత్రమవుతుంది, సేటు దాన్ని ఇట్టే పసిగడతాడు. నచ్చని దారికి రేటు పెంచి రాయకు. ఆయన నిజంగా అదే ఎంచుకుంటే ఆ పైసలకు ఆ రోజుల్లో నువ్వు చెయ్యగలగాలి. చెయ్యలేని దారైతే "ఇది నాకు రాదు, తెలిసినవాళ్లతో చేయించుకోవాలి" అని రాసెయ్యి.

బామ్మర్ది కొడుకును పక్కకు నెట్టకు, వాళ్లింటి మనిషి. ఆ కాయితం ముందే అతనికి పంపి, అరగంట వీడియో కాల్ పెట్టించు. సేటు కూడా వినాలి. అతన్ని మూడే అడుగు: సైటు రాత్రిపూట ఆగిపోతే ఎవరు చూస్తారు, గుమాస్తా ధర ఎలా మారుస్తాడు, వచ్చే రెండేళ్లు అప్‌డేట్లు ఎవరి జిమ్మా. పరీక్ష పెడుతున్నట్టు అడగొద్దు, పని పంచుకుంటున్నట్టు అడుగు. ఆ పిల్లాడు "నేను చూసుకుంటా" అని మూడింటికీ గట్టిగా నిలబడితే, దారి 2కి అతని పేరు కూడా రాయించి ముందుకు పో. అలా నిలబడకపోతే సేటుకు నువ్వు విడిగా చెప్పాల్సింది ఏమీ మిగలదు.

స్లైడర్ దగ్గర పట్టు వదిలెయ్యి. ఆయన ముచ్చట అది. కానీ లెక్క ఒకటి చూపించు. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే ఆరింటికి 24 ఎంబీ. సెకనుకు 10 మెగాబిట్లు వచ్చే డేటా మీద (ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు) అవి దిగడానికి దాదాపు 19 సెకన్లు. అవే ఫొటోలను 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రూపంలోకి మార్చి, నాణ్యత 75 నుంచి 80 మధ్య పెట్టి ఒక్కోటి 150 కేబీకి తెస్తే ఆరూ కలిపి ఒక సెకనులోపు. గూగుల్ కొలతలో పేజీలోని పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనపడాలి. మొదటి ఫొటో వెంటనే దిగేలా, మిగతా ఐదు తర్వాత మెల్లగా దిగేలా పెట్టు. మొదటి ఫొటోకే లేజీ లోడింగ్ (అవసరం వచ్చాకే దిగే పద్ధతి) పెడితే అసలు కనపడాల్సిందే ఆలస్యమవుతుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. దర్రీల విషయంలో ఇంకొకటి: సన్న గీతలు, గళ్లు మరీ కుదిస్తే అల్లిబిల్లిగా కనపడతాయి. నేత దగ్గర్నుంచి చూపించే ఫొటోకు మాత్రం నాణ్యత పెంచు, అది నొక్కితేనే దిగేలా పెట్టు.

అక్షరాల సంగతి కాస్త ఓపికగా చెప్పాలి. కరపత్రం వేసిన డీటీపీ అతను ఇచ్చిన మ్యాటర్ ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో ఉంటుంది. అందులో కంప్యూటరుకు తెలిసేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు కోడ్ మీద తొడిగిన తెలుగు రూపం. ఆ ఫాంటు లేని ఫోన్‌లో పిచ్చి గీతలు వస్తాయి, గూగుల్‌లో "వరంగల్ దర్రీలు" అని వెతికినవాడికి ఆ పేజీ దొరకదు. "మరి ఫొటోగా పెట్టు" అంటాడు సేటు. ఫొటోలోని అక్షరాలు కూడా వెతుకులాటకు సరిగా దొరకవు, చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ సరిగా అందవు. మ్యాటర్‌ను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లకూ తెలిసే అక్షరాల కోడ్) మార్చాక ఒక్కో వాక్యం కాయితంతో సరిచూడు. ఒత్తులు తారుమారవుతాయి, అంకెలు మారిపోతాయి, ధరలో సున్నా పోతే నష్టం నేరుగా ఆయనకే. కరపత్రం పోలిక కావాలంటే శీర్షికలకు రామభద్ర లాంటి మందపాటి ఫాంటు, చదివే మ్యాటర్‌కు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషుదానికన్నా బరువు కాబట్టి రెండు ఫాంట్లకు మించొద్దు. వరుస ఎత్తు అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్ల దాకా ఉంచు. ఇంగ్లీషు సైటు నుంచి తెచ్చిన థీములో బటన్లకు 1.2 ఉంటే "వస్త్రాలు", "స్త్రీలు" అన్నచోట కింది ఒత్తు తెగిపోతుంది. సేటుకు కోపం వచ్చేది ఆ తెగిన ఒత్తు చూసే, దాన్ని ఆయన ఫాంటు తప్పనుకుంటాడు.

ఫోన్‌పే నంబరు సంగతిలో ఆయన మాట కొట్టిపారెయ్యొద్దు. సైటులోనే పైసలు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే ఫీజు రెండు శాతం అనుకుంటే రెండు వేల ఆర్డరు మీద 40 రూపాయలు, దాని మీద జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు. సన్న లాభం మీద నడిచే దుకాణానికి అది కనపడే కోతే. నెలకు పది ఆర్డర్లు వచ్చేచోట క్యూఆర్ కోడ్, వాట్సాప్ సరిపోతాయి. అయితే రెండు షరతులు రాయించు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు, దొంగ స్క్రీన్‌షాట్లు చెయ్యడం చాలా తేలిక, ఖాతాలో పడిందని చూశాకే పంపాలి. కొనేవాళ్లు ఆర్డరు నంబరును చెల్లింపు నోట్‌లో రాయాలి, లేకపోతే ఒకే ధర ఆర్డర్లు రెండు వస్తే ఎవరివి ఎవరివో తేలదు. రోజుకు ఐదు ఆర్డర్లు దాటిన వారం గేట్‌వే పెడదామని ఇప్పుడే అంకె రాసుకోండి. అంకె ముందే ఉంటే అప్పుడు మళ్లీ పంచాయితీ ఉండదు.

మూడో రకం గురించి చెప్తానన్నాను. "కార్డు నంబర్లు మన దగ్గర దాచి పెట్టు, మళ్లీ కొన్నప్పుడు సులువైతది" అని ఎవరైనా అంటే కుదరదని చెప్పు. 2022 అక్టోబరు 1 నుంచి దుకాణాలు కార్డు నంబరు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, సీవీవీ (కార్డు మీది రహస్య అంకె) అయితే ఎప్పుడూ దాచకూడదు. గిరాకీ ఫోన్ నంబర్ల పట్టికను ఇంకో వ్యాపారికి ఇవ్వమన్నా అంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. పాస్‌వర్డులు చదవగలిగేలా దాచడం, ఎక్కడో ఉచితంగా దొరికిన దొంగ థీము పెట్టడం, భద్రతా సవరణలు 2022 నవంబరు 28తోనే ఆగిపోయిన పీహెచ్‌పీ 7.4 (వర్డ్‌ప్రెస్ నడిచే భాష పాత రూపం) మీద కొత్త దుకాణం తెరవడం, ఇవీ ఈ మూడో రకంలోకే వస్తాయి. ఇక్కడ సంతకం తీసుకున్నా నీ జిమ్మా పోదు. మెత్తగా, ఒక్కసారి, కారణంతో చెప్పు: "సేటూ, ఇది నేను చెయ్యను. దీని బదులు ఇది చేస్త." బదులు చూపించకుండా కాదనొద్దు.

ఇక ఆయన నీ సలహా వినకుండా వేరే దారి ఎంచుకున్నాడనుకో. ప్రమాదం ఏమిటో ఒక్కసారి రాసి పంపి, తర్వాత ఆ పనిని నీ సొంత ఎంపికైనట్టే మనసు పెట్టి చెయ్యి. సగం మనసుతో కట్టింది పడిపోతే, దారి తప్పో నీ పని తప్పో ఎవరికీ తెలియదు. అరవై రోజులకు తిరిగి చూద్దామని తేదీ పెట్టుకో, ఏం చూడాలో కూడా రాసుకో: ఆర్డర్లెన్ని, బుట్టలో వేసి కొనకుండా పోయినవెన్ని, గుమాస్తా నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడు. ఒరిజినల్ ఫొటోలు, దర్రీల వివరాల ఎక్సెల్ పట్టిక విడిగా భద్రపరిస్తే రేపు దారి మార్చడం తేలిక. చెడిపోయిన రోజు "నేను ముందే చెప్పిన కదా" అన్న మాట నీ నోట రాకూడదు. ఆ పూట ఆయనకు కావాల్సింది సైటు మళ్లీ లేవడం.

మన దగ్గర నిర్ణయాలన్నీ ఫోన్ మీద, వాయిస్ మెసేజీల మీద నడుస్తాయి. అందుకే ప్రతి కాల్ అయ్యాక గంటలోపు నాలుగు వరుసలు రాసి పంపు: ఏం అనుకున్నాం, ఎవరు చెయ్యాలి, ఎప్పటికి, పైసల్లో తేడా ఎంత. చివర "సరేనా సేటూ?" అని అడుగు. "సరే" అని వచ్చాకే పని మొదలుపెట్టు. నీలం టిక్కు పడిందంటే ఒప్పుకున్నట్టు కాదు. పని నడిమధ్యలో "షాపిఫైకి మారుదాం" (అది చందా కట్టి వాడే ఇంకో ఆన్‌లైన్ దుకాణం సేవ) అని ఫోన్ వస్తే అవుననీ కాదనీ అనకు. "రేపు సాయంత్రానికల్లా లెక్క రాసి పంపుత" అను. ఆ లెక్కలో ఏది పనికొస్తుంది (ఫొటోలు, మ్యాటర్, లోగో), ఏది పారెయ్యాలి (థీము, కొరియర్ లెక్కలు), ఎన్ని రోజులు వెనక్కి పోతాం, ఇవి ఉండాలి. బతుకమ్మకు మూడు వారాల ముందు నుంచి దసరా అయ్యేదాకా పెద్ద మార్పులు ఉండవని ఒప్పందంలోనే రాయి.

పైసల విషయం కొంచెమే చెప్తా. బయానా నూటికి నలభై, డిజైన్ ఒప్పుకున్నాక ఇరవై, నమూనా సైటులో అన్నీ నడిచాక ముప్పై, అప్పజెప్పే రోజు పది. చివర్లో పెద్ద మొత్తం మిగిల్చుకుంటే ప్రతి చిన్న తేడా ఆ మొత్తానికి ముడిపడి ఉద్దెర కింద మారుతుంది. డొమైన్, హోస్టింగ్ మొదటి రోజు నుంచే ఆయన పేరున, ఆయన మెయిల్ మీద ఉండాలి. తకరారు ముదిరి విడిపోవాల్సి వచ్చినా వాటిని పట్టుకుని కూర్చోకూడదు. అందిన పైసలకు తగ్గ పని, బ్యాకప్ ఫైలు, లాగిన్ల పట్టిక ఇచ్చి, నీ లాగిన్ తీసేయించుకుని బయటికి రా.

సోమవారం వెళ్తానన్నావు. షట్టరు ఎత్తగానే వెళ్లకు, అది బోణీ వేళ. మూడు నాలుగు గంటల మధ్య గిరాకీ పలచగా ఉంటుంది, అప్పుడు వెళ్లు. ఒక కాయితం, రెండు లింకులు, ఒక పెన్ను చాలు. స్లైడర్ మాట ముందు తియ్యి, దానికి నువ్వు ఒప్పుకున్నావని ఆయనకు మొదటే తెలియాలి. తర్వాత రియాక్ట్, తర్వాత అక్షరాలు, చివర ఫోన్‌పే. సంతకం అయ్యాక ఆ కాయితం ఫొటో తీసి అక్కడే ఆయన వాట్సాప్‌కు పంపు, బామ్మర్ది కొడుక్కి కూడా.

మీ అన్న
హనుమకొండ